కొత్త రైలు లైను సరే, రాయగడలో కొట్టు బ్రాంచి మాత్రం ఇప్పట్లో లేదు

ఒడిశాలోని మా గుణుపూర్ కొట్లో చింతపండు, పసుపు, కొండ చీపుర్లు కొనే అందరికీ నమస్కారం. ఈమధ్య కొట్టుకి వచ్చినవాళ్లూ ఫోన్ చేసినవాళ్లూ ఒకటే అడుగుతున్నారు, ఇక్కణ్ణుంచి తేరుబలి దాకా రైలు లైను వస్తోందట కదా, రాయగడలో బ్రాంచి ఎప్పుడు, రవాణా చార్జీ ఎప్పుడు తగ్గిస్తావు అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఇక్కడే రాసేస్తున్నాను. ఇప్పట్లో పెట్టను. ఆ లైను రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ణి, అయినా పెట్టను.

ఎందుకు కోరుకుంటున్నానో ముందు చెప్తాను. మా జిల్లా కేంద్రం రాయగడ. అక్కడికి రైల్లో పోవాలంటే పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి దాటి నౌపడ దాకా దిగాలి, మెయిన్ లైన్లో విజయనగరం పోవాలి, అక్కణ్ణుంచి పార్వతీపురం మీదుగా మళ్లీ పైకెక్కాలి. సొంత జిల్లాలో పని కోసం ఆంధ్రా అంతా చుట్టి రావాలి. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఎనిమిది కొత్త లైన్లకి 24,657 కోట్లు ఒప్పుకుంది, అందులో గుణుపూర్–తేరుబలి ఒకటి, 73.62 కిలోమీటర్లు. తేరుబలి, రాయగడ ఒకే లైన్లో ఉన్నాయి కాబట్టి ఈ ముక్క కలిస్తే ఆ చుట్టుతిరుగుడు పోతుంది. కొండల్లో ఇంత ఖర్చు దండగ, ఉన్న లైన్లోనే ఇంకో రెండు బళ్లు వేస్తే చాలదా అని మా కొట్టు అరుగు మీద వాదించేవాళ్లున్నారు. వాళ్లు టిక్కెట్ల డబ్బే లెక్కేస్తున్నారు. కొండల్లోని సవరలు (ఇక్కడి గిరిజనులు) సంతకి దింపే చింతపండు, పసుపు, చీపుళ్లు రాయగడ వైపు తిన్నగా పోతే వాళ్లకి దక్కే ధర ఎంత పెరుగుతుందో కూడా లెక్కలోకి రావాలి.

నా భయం ఖర్చు గురించి కాదు, మధ్యకాలం గురించి. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న లైను, రెండున్నర అడుగుల గేజిది, 1900లో నౌపడ నుంచి మొదలై 1931కి గుణుపూర్ చేరింది. పెద్ద లైనుగా మార్చడానికి 2004లో ఆపారు. గుణుపూర్‌కి మళ్లీ రైలు వచ్చింది 2011 ఆగస్టులో. ఆ ఏడేళ్లూ నాన్న సరుకంతా బస్సు టాపు మీదే వేయించేవారు. గింజ తీసిన చింతపండు వానకి ఒకసారి తడిసిందంటే నల్లబడి, పులుసు కారి గోనెకి అంటుకుపోతుంది, లాగితే గోనె పీచుతో సహా ఊడొస్తుంది, కడిగినా ఆ పీచు పోదు. అలాంటిది ఎవరికి అమ్ముతాం? టెక్కలి వైపు వాడుకలు చాలా అప్పుడే పోయాయి. రైలు తిరిగొచ్చింది గానీ వాళ్లు తిరిగి రాలేదు.

ఇది మన దగ్గరే అనుకోకండి. మా దగ్గర పసుపు తీసుకునే ఒకావిడ కొడుకు టొరంటోలో ఉంటాడు, మొన్న సెలవులకి వచ్చినప్పుడు ఆ నగరంలోనే ఉన్న స్కార్‌బరో ప్రాంతం సంగతి చెప్పాడు. అక్కడ 1985లో వేసిన చిన్న రైలు లైను పాతబడింది, దాని బదులు లైట్ రైలు వేయాలా సబ్‌వే, అంటే నేల కింద నడిచే మెట్రో, పొడిగించాలా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు, 2013లో నగర కౌన్సిల్ సబ్‌వేకి ఓటేసింది, తర్వాత ఒక్క స్టేషన్ చాలన్నారు, మళ్లీ మూడన్నారు. 7.8 కిలోమీటర్లకి 2019లో వేసిన అంచనా 5.5 బిలియన్ కెనడా డాలర్లు. ఈలోగా 2023 జులై 24న పాత లైన్లో చివరి పెట్టె విడిపోయి పట్టాలు తప్పింది. ఎలాగూ ఆ నవంబరులో ఆపేయాలనుకున్న లైనే, ఇక తెరవలేదు. జనం బస్సులెక్కారు. అంత డబ్బున్న దేశంలోనే కొత్తది చేతికి రాకముందు పాతది పోయింది.

అందుకే, కొత్త లైను పని పేరు చెప్పి నౌపడ లైన్లో ఉన్న బళ్లని తగ్గించొద్దని అడుగుదాం. విశాఖ ప్యాసింజర్లో మూటలతో వచ్చిపోయే చిన్న వ్యాపారులకి అదే ఆధారం. ఈ మాట మీద సంతకాలు తీసుకుంటున్నాను, కాగితం కొట్లోనే ఉంది, అటొచ్చినప్పుడు పెట్టి వెళ్లండి.

బ్రాంచి సంగతి. రాయగడ స్టేషన్ దగ్గర గోదాము ఉందని, ఇప్పుడే అడ్వాన్సు కడితే అద్దె తక్కువకి ఇస్తామని ఒకరు వచ్చారు. రైలు వచ్చేదాకా ఖాళీ గోదాముకి అద్దె కట్టాలంటే ఆ డబ్బు మీ చింతపండు రేటు మీదే వేయాలి. వద్దన్నాను. ఆ డబ్బు పెట్టి పసుపు ముందే కొనేశాను కాబట్టి ఉగాది దాకా పసుపు రేటు మారదు. చింతపండు రేటు మాత్రం కొత్త పంట సంతకి దిగాకే చెప్పగలను.

రాయగడ వాళ్లకి ఎప్పటిలాగే శనివారం లారీలో పంపుతాను. గురువారం సాయంత్రంలోపు చెప్పండి, చీపుర్లు కావాలంటే ఇంకో రోజు ముందే చెప్పండి, కట్టలు కట్టడానికి టైము పడుతుంది.