బుజ్జీ, ఆంప్లిఫయర్ కొనే ముందు ఇది చదువు

బుజ్జీ,

నీ హార్లీ బండిలో స్పీకర్లకి పెడదామని నువ్వు పంపిన ఆంప్లిఫయర్ల ఫోటోలు చూశాను. అట్టపెట్టె మీద అంత లావు అక్షరాలతో 1200 వాట్స్ అని వేసినదాన్ని మాత్రం కొనకు. అది పీక్ లెక్క, ఒక్క క్షణం పలికి ఊరుకునేది. నువ్వు చూడాల్సింది ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల పవర్, అదీ నాలుగు ఓమ్స్ స్పీకర్ తగిలిస్తే ఒక్కో ఛానల్‌కి, అంటే ఒక్కో స్పీకర్ లైనుకి, ఎంత ఇస్తుందో. తిరనాళ్ళకీ పెళ్ళిళ్ళకీ మైకుసెట్లు కట్టి మిమ్మల్ని చదివించినవాణ్ణి, ఈ వాట్స్ గోల నాకు కొత్త కాదులే.

వాట్స్ రెట్టింపు చేస్తే పెరిగే మోత మూడు డెసిబెల్సే. అందుకని ముందు స్పీకర్ సెన్సిటివిటీ చూడు, అంటే ఒక్క వాట్‌కి ఎన్ని డెసిబెల్స్ మోత ఇస్తుందో. 90 ఉన్నదానికి బదులు 93 ఉన్నది తీసుకుంటే సగం పవర్‌తోనే అంత మోత వస్తుంది, బ్యాటరీ కూడా సంతోషిస్తుంది. నీ స్ట్రీట్ గ్లైడ్ స్పెషల్ ఫెయిరింగ్‌లో, అదే ముందున్న గాలి తొడుగులో, ఉన్నవి ఆరున్నర అంగుళాల స్పీకర్లు కాబట్టి అదే సైజువి కొంటే తొడుగు కొయ్యాల్సిన పని ఉండదు. హైవే మీద గాలి హోరులో బాస్ ఎలాగూ కొట్టుకుపోతుంది, దాని కోసం ఆశపడకుండా 80 హెర్ట్జ్ కిందున్న బాస్‌ని ఆంప్లిఫయర్ ఫిల్టర్‌తో ఆపెయ్, పాట మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. ఇంకోటి, కంపెనీ రేడియో వాల్యూం పెంచేకొద్దీ బాస్‌ని తనే తగ్గించేస్తుంది, చిన్న స్పీకర్లు చిరిగిపోకుండా. కొత్తవి పెట్టాక ఆ రేడియోని ఫ్లాష్ చేయించకపోతే, అంటే లోపలి సాఫ్ట్‌వేర్ మార్పించకపోతే, ఎంత ఖర్చుపెట్టినా ఆ పీలగొంతే.

వైరింగ్ నువ్వే చేస్తానన్నావు, చెయ్యి. నాలుగు ఛానళ్ళూ వందేసి వాట్స్ లాగితే బ్యాటరీ నుంచి దాదాపు 36 ఆంప్స్ పోతాయి. కాబట్టి అసలు రాగి వైరే కొను, రాగిపూత పూసిన అల్యూమినియంది చవగ్గా దొరుకుతుంది కానీ వేడెక్కుతుంది. ఫ్యూజు సీటు కింద బ్యాటరీ పక్కనే ఉండాలి, ఆంప్లిఫయర్ దగ్గర కాదు. ఎర్త్ కూడా ఫ్రేముకి కాకుండా నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే ఇవ్వు, లేకపోతే యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా స్పీకర్లలో కీచుమంటూ ఉంటుంది. మనవాళ్ళలా వైర్లు మెలేసి టేపు చుట్టడం ఆ ఇంజను వణుక్కి ఆగదు.

ముఖ్యమైనది, నీ బండికి ఫెయిరింగ్ హ్యాండిల్‌తో పాటే తిరుగుతుంది. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర వైరు కాస్త వదులుగా వదిలి, హ్యాండిల్ ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పి, ఎక్కడా బిగుసుకోవట్లేదని చేత్తో తడిమి చూడు. స్పీకర్ ప్లస్ మైనస్ అనుమానమొస్తే పెన్సిల్ సెల్ ఒక్కసారి ఆనించు. కోన్ బయటికి పొంగితే సెల్ ప్లస్ తగిలిందే స్పీకర్ ప్లస్. రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్ మైనస్ తిరగబడితే ఉన్న కాస్త బాస్ కూడా పోతుంది.

టెక్సాస్‌లో 21 దాటి ట్రైనింగో మెడికల్ ఇన్సూరెన్సో ఉంటే హెల్మెట్ లేకపోయినా నడపొచ్చని ఏ ముహూర్తాన చెప్పావో, మీ అమ్మకి అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. చట్టం సంగతి వదిలేసి పెట్టుకో. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ కూడా. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు పర్వాలేదంటారు, ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ టైము సగమవుతుంది, 100 దగ్గర ఇక పావుగంటే. ప్లగ్స్ పెట్టుకుంటే గాలి హోరు తగ్గి పాట ఇంకా బాగా వినిపిస్తుంది, కావాలంటే పెట్టుకుని చూడు.

ఆంప్లిఫయర్ మీది గెయిన్ నాబ్ రేడియో సిగ్నల్‌కి సరిపోల్చడానికి, దాన్ని వాల్యూం అనుకుని చివరిదాకా తిప్పకు. ఫ్యూజు బిగించాక ఫోటో పంపు, నేను చూశాకే స్విచ్చి వెయ్యి.

నాన్న