నొప్పి తగ్గిందని ఊరుకోవద్దు నాయనా

కువైట్
శుక్రవారం

నాయనా,

నిన్న ఫోన్లో "నొప్పి పోయింది పాపా, ఇంక డాక్టరు ఎందుకు" అన్నావు. అమ్మ పక్కనుంచి ఏదో చెప్పబోతే నువ్వే మాట మార్చేశావు. తర్వాత తమ్ముణ్ణి అడిగితే అంతా చెప్పాడు. పంటి నొప్పితో రాత్రంతా పడుకోకుండా మంచం మీద కూర్చునే ఉన్నావంట, లవంగాలు నమిలావంట, ఎవరో చెప్పారని జిల్లేడు పాలు కూడా పెట్టుకున్నావంట. ఇవన్నీ ఫోన్లో మాట్లాడితే నువ్వు విసుక్కుని పెట్టేస్తావు. అందుకే ఈరోజు సెలవు కదా అని కూర్చుని రాస్తున్నాను. తమ్ముడి ఫోనుకే పంపిస్తున్నా, వాడు చదివి వినిపించినా సరే, నువ్వే అద్దాలు పెట్టుకుని చదువుకున్నా సరే, చివరిదాకా చదువు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. అంత పోటు పెట్టిన పన్ను ఏ వైద్యమూ లేకుండా ఉన్నట్టుండి ఊరుకుందంటే, బాగైందని అనుకోవడానికి లేదు. చాలాసార్లు లోపలి నరం చచ్చిపోతేనే అలా ఊరుకుంటుంది. నేను పనిచేసే పంటి క్లినిక్‌లో డాక్టరమ్మ ఈ మాట చెప్పని రోజు ఉండదు.

పన్ను పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ నడిమధ్యలో మెత్తటి గుజ్జు ఉంటుంది, అందులోనే నరమూ సన్నటి రక్తనాళాలూ ఉంటాయి. మనం తిన్న తీపి, పిండి పదార్థాలు పళ్ళ సందుల్లో నిలిచిపోతే వాటిని తిని క్రిములు పులుపు లాంటి ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లం పంటి పైపొరను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. పుచ్చు పైపైన ఉన్నంతకాలం చల్లనీళ్ళు తాగితే జివ్వుమని ఆగిపోతుంది, అంతే. గుజ్జు దాకా చేరితే మాత్రం గుజ్జు వాస్తుంది. వేలు వాస్తే చర్మం సాగుతుంది, పంటి లోపల సాగడానికి చోటేది? నానిన చెనిక్కాయ గింజ తొక్కు విడకుండానే లోపల ఉబ్బినట్టు, ఆ ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువగా చేరుతుంది కాబట్టి పోటు ఇంకా పెరుగుతుంది, పగలంతా ఎలాగో ఓర్చుకున్న నీకు రాత్రి పక్క మీదికి చేరగానే ప్రాణం పోయినంత పనైంది అందుకే. అలా కొన్నాళ్ళు సలిపి సలిపి గుజ్జు చచ్చిపోతుంది, నొప్పి ఆగుతుంది, మనిషి హమ్మయ్య అనుకుంటాడు. క్రిములు మాత్రం ఆగవు నాయనా, వేరు చివరి నుంచి దవడ ఎముకలోకి దిగి అక్కడ చీము పట్టిస్తాయి.

మన రాజంపేట వైపు ఆమె ఒకామె ఇక్కడ ఒకరింట్లో వంట చేస్తుంది. పోయిన ఎండాకాలం మా క్లినిక్‌కి వచ్చింది. చెంప కంటి కింది దాకా వాచిపోయి చర్మం నిగనిగలాడుతోంది, నోరు తెరవమంటే వేలు పట్టేంత కూడా తెరవలేకపోయింది. "నొప్పి ఎప్పుడో తగ్గిపోయిందక్కా, ఈ వాపే ఎందుకొచ్చిందో" అంటుంది. చీము తీసి, మందులిచ్చి, చివరికి పన్ను పీకాల్సి వచ్చింది. మొదటి పోటుకే వచ్చుంటే, పాడైన గుజ్జు తీసేసి లోపల పూడ్చే రూట్ కెనాల్‌తో ఆ పన్ను నిలిచేది. ఆమెను చూసినప్పటి నుంచి ఎవరైనా పంటి నొప్పి దానంతటదే తగ్గిపోయిందంటే నాకు టెన్షనే.

ఇంట్లో చేసుకునే వైద్యం వద్దని నేను అనడంలేదు. అర్ధరాత్రి మన ఊళ్ళో పళ్ళ డాక్టరు ఎక్కడ దొరుకుతాడు, తెల్లవారేదాకా ఏదో ఒకటి చేసుకోవాల్సిందే కదా. కాకపోతే ఏది మేలు చేస్తుందో ఏది చెడుపు చేస్తుందో తెలిసి చేసుకోవాలి.

అన్నిటికంటే ముందు ఉప్పునీళ్ళు. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళల్లో అర టీస్పూను ఉప్పు కలిపి, నొప్పి ఉన్న వైపు అర నిమిషం నిలిపి ఉమ్మేయాలి, మింగకూడదు, నీకు బీపీ కూడా ఉంది. సందుల్లో ఇరుక్కున్నది బయటికి వస్తుంది, చిగురు వాపు కొంచెం దిగుతుంది. ఒక్కోసారి పళ్ళ మధ్య మాంసం పోగు ఇరుక్కున్నా పన్ను పుచ్చినంత నొప్పి పెడుతుంది, కాబట్టి పళ్ళ మధ్య దారం పోనిచ్చి మెల్లగా లాగి చూడు. గుండుపిన్నుతో, అగ్గిపుల్లతో మాత్రం పొడవద్దు, నీకు ఆ అలవాటుంది.

లవంగం మంచిదే. అందులో యూజినాల్ అనే నూనె ఉంటుంది, అది నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. నీకొక సంగతి తెలుసా, పుచ్చును తాత్కాలికంగా పూడ్చడానికి క్లినిక్‌లో మేం వాడే సిమెంటు కూడా దాంతోనే తయారవుతుంది. గాజు పలక మీద జింక్ ఆక్సైడ్ పొడి పోసి, పక్కన యూజినాల్ చుక్కలు వేసి, చిన్న గరిటెతో కొంచెం కొంచెంగా కలుపుతూ ముద్ద చేసి డాక్టరమ్మకి అందించడం నా పనే. ఆ వాసన గదంతా నిండితే అమ్మ మసాలా నూరుతున్నట్టే ఉంటుంది. అయితే అంగట్లో చిన్న సీసాలో అమ్మే లవంగ నూనెను నేరుగా పోసుకోకూడదు, చిగురు కాలి తెల్లగా పొక్కిపోతుంది. ఒక టీస్పూను కొబ్బరినూనెలో రెండు చుక్కలు వేసి కలిపి, గోరంత దూదిని అందులో ముంచి పిండేసి, పంటి గుంటలోనే పెట్టు, చిగురుకు నాలుకకు ఎక్కువ తగలనీయకుండా కొన్ని నిమిషాలుంచి తీసెయ్యి. నూనె లేకపోతే ఒక లవంగం ఆ పంటి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కి ఉంచినా చాలు. తమ్ముడి పిల్లలకు మాత్రం ఆ నూనె వాడనీయొద్దు, సీసా కూడా అందకుండా పెట్టమని చెప్పు, చిన్నపిల్లలు మింగితే చాలా ప్రమాదం.

చెంప వాస్తే ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి బయటినుంచి పెట్టు, పావుగంట పెట్టి తీసి మళ్ళీ కాసేపాగి పెట్టొచ్చు. జేజి చెప్పినట్టు ఉప్పుమూట వేడి చేసి కాపడం పెట్టొద్దు, చీము ఉన్నచోట వేడి తగిలితే వాపు పెరగొచ్చు. పడుకునేటప్పుడు రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టుకో. తిండి అంటావా, గోరువెచ్చని సంగటి, మెత్తగా ఎనిపిన పప్పు, పెరుగన్నం చాలు, చెనిక్కాయ ఉంటలు పక్కన పెట్టెయ్. టీలో అంత చక్కెర కూడా వద్దు, అది పంటికీ చెడ్డదే, నీ షుగరుకూ చెడ్డదే.

మాత్రల దగ్గర జాగ్రత్తగా విను. నీకు పారాసిటమాలే సేఫు. డోలో 650 ఒకటి వేసుకుంటే మళ్ళీ ఆరు గంటల దాకా వేసుకోవద్దు, రోజు మొత్తానికి నాలుగు దాటొద్దు, ఆ రోజుల్లో మద్యం ముట్టొద్దు, రెండూ కలిస్తే కాలేయానికి ముప్పు. మెడికల్ షాపులో పంటి నొప్పి అని అడిగితే చేతిలో పెట్టే బిళ్ళల్లో చాలావాటిలో పారాసిటమాల్ ముందే కలిసి ఉంటుంది, అది వేసుకుని పైన డోలో కూడా వేసుకుంటే డోసు ఎక్కువైపోతుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి వాపు నొప్పికి బాగా పనిచేస్తాయి, వేరే జబ్బులేమీ లేని తమ్ముడి వయసువాళ్ళకైతే అన్నం తిన్నాక ఐబూప్రోఫెన్ ఇవ్వొచ్చు. నీకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి, గుండెకని రక్తం పలచబరిచే ఎకోస్ప్రిన్ కూడా వాడుతున్నావు. డాక్టరును అడగకుండా అవి నువ్వు వేసుకోవద్దు. పన్ను పీకించుకోవాలేమో అని ఎకోస్ప్రిన్ నీ అంతట నువ్వే ఆపొద్దు కూడా. అమాక్సిసిలిన్ రెండు రోజులు వాడి సగంలో వదిలేశావని తమ్ముడన్నాడు. పుచ్చిన పంటి లోపలి నొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదు నాయనా. జ్వరమూ వాపూ ఉంటే డాక్టరు చూసి రాస్తారు, అప్పుడు కూడా పంటిని బాగుచేయకుండా ఒట్టి బిళ్ళలతో తగ్గదు. ఇంకొకటి, మాత్రను పొడిచేసి పంటి పక్కన పెట్టుకుంటే నొప్పి లాగేస్తుందంటారు, పొరపాటున కూడా చేయొద్దు. లోపలి చర్మం కాలిపోతుంది, మాత్ర కడుపులోకి పోతేనే పని చేసేది.

ఇంక జిల్లేడు పాలు. అది ఎవరు చెప్పారో గానీ ఇంకోసారి ఆ పాలు నోటి దగ్గరికి రానీయొద్దు. చిగుళ్ళు బొబ్బలెక్కుతాయి, ఆ చెయ్యి కంట్లో పెట్టుకుంటే చూపుకే ప్రమాదం. ఇప్పుడు చిగురు మంటగా ఉందన్నావంటే ఆ పాల వల్లే అయ్యుండొచ్చు, డాక్టరుకు ఆ విషయం దాచకుండా చెప్పు. పొగాకు కాడ నొక్కిపెట్టుకోవడం, బ్రాందీ పుక్కిలించడం, ఇవి కూడా వద్దు.

జేజి మళ్ళీ పురుగులు తీసేవాణ్ణి పిలిపిద్దాం అంటోందంట. నా చిన్నప్పుడు మన అరుగు మీద చూశాను కదా, వాడు నిప్పుల మీద నెయ్యి వేసి నేల వాకుడు గింజలు చల్లి, బొప్పాయి ఆకు కాడతో పొగ పంటికి పట్టించాడు, తర్వాత నీళ్ళ చెంబులో చిన్న చిన్న తెల్లటి పోగులు తేలితే అందరూ పురుగులు పురుగులు అన్నారు. అవి ఆ గింజల లోపలి తెల్లటి మొలకలు, వేడికి పగిలి బయటపడతాయి. పంట్లో పురుగు అనేది ఉండదు. ఫ్రాన్స్‌లో పియర్ ఫోషార్ అనే పళ్ళ డాక్టరు భూతద్దాల యంత్రంతో వెతికి చూసి నాకొక్క పురుగూ కనబడలేదని 1728లోనే పుస్తకంలో రాశాడు. జేజిని నొప్పించకుండా చెప్పు, ఆమె కాలంలో ఊళ్ళో వేరే దారి లేదు, మనకు ఉంది.

పన్ను పీకిస్తే కళ్ళు పోతాయని ఎదురింటి మామ భయపెట్టాడంట. చూపు నరం వేరు, పంటి నరం వేరు. నేను చూస్తుండగానే ఎంతమందికో పళ్ళు తీశారు, చూపు తగ్గిందని ఒక్కరూ తిరిగి రాలేదు. పీకించుకున్నాక కళ్ళు మసకబారినవాళ్ళు ఉంటే, ఆ వయసుకు శుక్లాలు రావడం మామూలే, దాన్ని పంటి మీద వేస్తారు. అమ్మ తన పళ్ళ మీద గోధుమ రంగు మరకలు చూసి నావీ పుచ్చాయేమో అని దిగులు పడుతోందన్నాడు తమ్ముడు. మన జిల్లాలో కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, చిన్నప్పుడు ఆ నీళ్ళు తాగితే పళ్ళకు అలాంటి మరకలు వస్తాయి, అది పుచ్చు కాదు. అయినా నీతోపాటు వచ్చి చూపించుకోమను.

సోమవారం పొద్దున్నే మొదటి బస్సుకు కడప వెళ్ళండి. రిమ్స్ ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, ఓపీ చీటీ రాయించుకుంటే ఎక్స్‌రే తీసి చూస్తారు. టిఫిన్ చేసి, షుగరు మాత్ర వేసుకునే వెళ్ళు, ఖాళీ కడుపుతో వద్దు. నువ్వు వాడే మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్ళు. పన్ను నిలబెట్టే వీలుంటే రూట్ కెనాల్ చేయమని అడుగు, బయట ప్రైవేటులో చేయించాల్సి వచ్చినా డబ్బు సంగతి నువ్వు ఆలోచించొద్దు, పసుపు అమ్మాక చూద్దాం అనొద్దు, నేను ఈ నెల ముందుగానే పంపిస్తున్నాను. మత్తు సూది వేశాక నొప్పి ఉండదు. చీము ఎక్కువగా ఉంటే సూది సరిగా పట్టదు కాబట్టి ముందు చీము తగ్గించి ఇంకోరోజు రమ్మంటారేమో, విసుక్కోకుండా మళ్ళీ వెళ్ళు. షుగరున్నవాళ్ళకు నోట్లో చీముంటే షుగరు కూడా అదుపులోకి రాదు, పంటిని బాగుచేసుకుంటే దానికీ మంచిదే.

సోమవారం దాకా కూడా ఆగకూడని సందర్భాలున్నాయి, ఇది తమ్ముడు రెండుసార్లు చదువుకోవాలి. జ్వరం వచ్చి చెంపో దవడ కిందో వాపు పెరుగుతుంటే, నోరు తెరుచుకోకపోతే, గుటక పడకపోతే, ఊపిరి బరువుగా ఉంటే రాత్రయినా సరే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంకొకటి, ఏ పన్నో తెలియకుండా కింది దవడ లాగుతూ, నడిస్తే ఎక్కువై కూర్చుంటే తగ్గుతూ, చెమటలు గానీ ఆయాసం గానీ ఉంటే అది గుండె నొప్పి కావచ్చు, షుగరున్నవాళ్ళకు ఛాతీలో నొప్పి లేకుండా అలా కూడా వస్తుంది. అప్పుడు లవంగాలు వెతుక్కుంటూ కూర్చోవద్దు.

కడప నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులోంచే నాకు వాయిస్ మెసేజ్ పెట్టు, డాక్టరు ఏమన్నారో నీ నోటితోనే చెప్పు. ఎక్స్‌రే ఫోటో తీసి పంపమని తమ్ముడికి చెప్పు, నేను మా డాక్టరమ్మకు చూపిస్తాను. జేజికి, అమ్మకు, పిల్లలకు అడిగానని చెప్పు.

నీ పెద్దకూతురు