ఏడో పాఠం చూశాకే గిటార్ కోర్సు కొనండి

సంపాదకుల వారికి,

ఆర్యా,

వేసవి సెలవులు వస్తే చాలు, ఫోన్ తెరిచిన ప్రతిసారీ ‘30 రోజుల్లో గిటార్’, ‘వారంలో మీకిష్టమైన పాట’ అనే ప్రకటనలు ఎదురవుతాయి. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న పిల్లలు అడుగుతారు, వాళ్ల సరదాను కాదనలేక పెద్దలు డబ్బు కడతారు. నిరుడు నేనూ కట్టాను. 33 ఏళ్లు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ణి. ఏ పాఠం తర్వాత ఏది రావాలో చూడగానే పోల్చుకోగలననే ధీమా నాకుండేది. ఆ ధీమాతోనే బోల్తా పడ్డాను కనుక, ఈ సెలవుల్లో అలాంటి ఖర్చుకు సిద్ధపడుతున్న ఇళ్లవారికి పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా మనవరాలి కోసం నేను కొన్నది 3,499 రూపాయల కోర్సు. మొత్తం 40 వీడియోలు. మొదటిదానిలో గిటార్ భాగాల పేర్లు, రెండోదానిలో ఏకంగా నాలుగు కార్డులు (కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి మోగేలా వేళ్లతో పట్టే పట్లు), మూడోదానిలో అందరికీ తెలిసిన ఒక సినిమా పాట. మూడో రోజుకే పాట వచ్చేస్తోందని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. నిజానికి పక్కన వీడియో మోగుతున్నంతసేపే అది పాటలా వినిపించేది. దాన్ని ఆపితే మిగిలేది తీగల మీద ‘టుప్పు టుప్పు’మనే చప్పుడే. ఐదో వారానికి అమ్మాయికి ఎడమ మణికట్టు నొప్పి మొదలైంది. కోర్సుతోపాటు ఇచ్చిన సందేహాల పెట్టెలో మూడుసార్లు అడిగితే, మూడుసార్లూ ‘ప్రాక్టీసు కొనసాగించండి’ అన్న ఒకే జవాబు వచ్చింది. నొప్పి పెడుతున్న చేతితో ఇంకా పని చేయించమనడం ఏ రకం బోధనో నాకు అర్థం కాలేదు.

చివరికి మా వీధి మలుపులోని చర్చిలో ఆదివారం ఆరాధనకు గిటార్ వాయించే కుర్రాణ్ణి ఇంటికి పిలిచాను. మా ప్రాంతంలో నేను చూసినంతలో గిటార్ పట్టిన చేతులు ఎక్కువగా కనబడేది చర్చిల్లోనే. వాళ్లలో చాలామంది ఒకరి చేయి చూసి ఒకరు నేర్చుకున్నవాళ్లు. అతను అమ్మాయిని వాయించమని, అర నిమిషం చూసి, ‘బొటనవేలు పైకొచ్చేసిందండి మాస్టారూ’ అన్నాడు. ఆ వేలు గిటార్ మెడ మీదుగా తొంగిచూస్తోంది, అందువల్ల మణికట్టు మడతపడుతోంది, మిగతా వేళ్లు నిలువుగా దిగలేక పక్క తీగలకు తగులుతున్నాయి. అతను ఆ బొటనవేలిని మెడ వెనక నడిమికి, మధ్యవేలికి ఎదురుగా దించాడు. తీగను, మెడ మీద అడ్డంగా ఉండే రెండు లోహపు మెట్ల (ఫ్రెట్‌ల) నడుమ కాకుండా, ముందున్న మెట్టుకు ఆనీ ఆననట్టుగా దాని వెనకే నొక్కమన్నాడు. అదే వేలు, అంతకుముందు పెట్టిన బలంలో సగం కూడా లేదు, తీగ ఖంగుమని మోగింది. పెద్ద వాద్యగాళ్లలో బొటనవేలు పైకి పెట్టి వాయించేవారూ ఉన్నారు, కాని అది చేయి కుదిరాక సంగతి. ఆ రాత్రి నేను పట్టుబట్టి 40 వీడియోలూ తిరగేశాను. ఒక్కదానిలోనైనా కెమెరా మెడ వెనక్కి వెళ్లలేదు.

కాబట్టి వీడియో ఎంచుకునేవారు గురువు పేరుకన్నా ముందు కెమెరా ఎక్కడుందో చూడాలని నా మనవి. ఎడమచేతి వేళ్లు దగ్గరగా కనబడాలి, బొటనవేలు ఒకసారైనా వెనకనుంచి కనబడాలి, కుడిచేయి తీగలను మీటే చోటును విడిగా చూపించాలి. ఎదురుగా కూర్చున్న గురువు గిటార్ మెడ మనకు కుడివైపున కనిపిస్తుంది, మన ఒళ్లోని గిటార్ మెడేమో ఎడమవైపున ఉంటుంది. ఈ తిరకాసును మొదటి పాఠంలోనే విడమరిచి చెప్పే గురువు దొరికితే, తాను నేర్చుకున్న రోజులను మరచిపోనివాడు దొరికినట్టే. ఏ తీగను ఎక్కడ నొక్కాలో చూపే టాబ్ అనే ఆరు గీతల రాత విషయమూ ఇంతే. అందులో అట్టడుగు గీత అన్నిటికంటే లావు తీగ. గిటార్ ఒళ్లో పెట్టుకుని వంగి చూస్తే ఆ లావు తీగే పైన ఉంటుంది. ఈ ఒక్క ముక్క చెప్పేవారు లేక మా ఇంట్లో రెండు రోజులు తలకిందుల వాద్యం నడిచింది.

ఆ తర్వాత చూడవలసింది వరుస. మొదటి పాఠాన్ని ఎవరైనా బాగానే తయారుచేస్తారు, కొనేవాడు చూసేది దాన్నే కనుక. డబ్బు కట్టేముందు ఏడో పాఠాన్నో ఎనిమిదో పాఠాన్నో నమూనాగా చూపించమని అడగాలి. అందులో ఉన్నది మరో కొత్త పాటేనా, లేక మొదటి వారంలో నేర్పినదాన్నే మళ్లీ తీసుకుని, మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమని లయ చూపే పరికరం) వేగం పెంచి, లయ మార్చి సాధన చేయిస్తున్నారా అన్నది చూసుకోవాలి. చూపించబోమంటే అక్కడితో బేరం ఆపెయ్యవచ్చు. మనకు ఇది తెలియని పద్ధతేమీ కాదు. కర్ణాటక సంగీతంలో సరళీ వరుసలను మాయామాళవగౌళ రాగంలో మొదలుపెట్టి, ఒక్కో వరుసనూ మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, తడబడకుండా పాడించేదాకా మంచి గురువు జంట వరుసలకు కదలడు. ఈ క్రమాన్ని ఏర్పరచినవాడిగా 16వ శతాబ్దపు పురందరదాసును ఇప్పటికీ తలుచుకుంటున్నాం. ఎక్కాలు రాని పిల్లవాడికి చక్రవడ్డీ లెక్క ఇస్తే జవాబును పక్కవాడి నోటుబుక్కులో వెతుక్కుంటాడు. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు మారడం రాని పిల్లకు పాట ఇస్తే జరిగేది కూడా అదే.

వరుసగా చెప్పే పాఠాలకు డబ్బు పెట్టి తీరాలన్న నియమమూ లేదు. ఆస్ట్రేలియాకు చెందిన జస్టిన్ శాండర్‌కో 2003లో మొదలుపెట్టిన జస్టిన్‌గిటార్ వెబ్‌సైటులో, చేతిలోకి గిటార్ తీసుకోవడం దగ్గరనుంచి గ్రేడుల వారీగా పేర్చిన ప్రారంభ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. అందులోని ఒక అభ్యాసం నాకు మరీ నచ్చింది. రెండు కార్డులు తీసుకుని, ఒక్క నిమిషంలో ఒకదాని నుంచి ఇంకోదానికి ఎన్నిసార్లు మారగలిగామో లెక్కపెట్టి రాసుకోవడం. 60 దాకా వస్తే ఆ జంట చేతికి పట్టుబడినట్టు. మా మనవరాలికి ఏ మేజర్, డీ మేజర్ కార్డుల మధ్య మొదటి రోజు వచ్చినవి 11, ఇరవయ్యో రోజుకు 34. వంటింటి గోడనున్న కేలండరులో రోజుకో అంకె వేసుకుంటూ పోయాం. అంకె పెరగని రోజున ఏ వేలు ఆలస్యంగా దిగుతోందో వెతికేవాళ్లం, చాలాసార్లు అది ఉంగరపు వేలే. అయితే ఆ పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలకు మొదట్లో ఇబ్బందే, పక్కన పెద్దవారెవరైనా కూర్చోవాలి. వీడియో వేగాన్ని ముప్పావుకు తగ్గించుకునే వీలుంది గాని, మాట అర్థం కానప్పుడు నెమ్మదిగా విన్నా అర్థం కాదు.

తెలుగులో గిటార్ వీడియోలు కుప్పలుగా ఉన్నాయి. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఏదో ఒక సినిమా పాటకు కార్డులు చెప్పేవే. వాటిలో ఇంకో చిక్కు కూడా ఉంది. అసలు పాట ఏ శ్రుతిలో ఉంటే ఆ శ్రుతి కార్డులనే ఉన్నవి ఉన్నట్టు అప్పజెబుతారు. పాట మన హార్మోనియం లెక్కలో ఒకటిన్నర శ్రుతిలో, అంటే సీ షార్ప్‌లో ఉందనుకుందాం. దానికి కావలసిన కార్డుల్లో చాలావరకు, చూపుడువేలిని మెట్టుకు అడ్డంగా పరిచి తీగలన్నిటినీ ఒత్తిపట్టే బారె కార్డులే. రెండో నెలలో ఉన్న పిల్లకు అవి అందవు. అదే మొదటి మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ అదిమిపట్టే చిన్న బిగింపు) బిగించి, సీ మేజర్ కుటుంబంలోని తేలిక కార్డులు పట్టుకుంటే పలికేది ఒకటిన్నర శ్రుతే. ఒక్కో మెట్టు దాటితే శ్రుతి అరస్వరం పెరుగుతుంది కనుక, రెండో మెట్టు మీద బిగిస్తే రెండు శ్రుతి. పాడే అమ్మాయికి ఐదు శ్రుతి కావాలంటే అసలు కేపోయే అక్కర్లేదు, జీ మేజర్ కుటుంబంలోని జీ, సీ, డీ, ఈ మైనర్ చాలా పాటలను మోసుకుపోతాయి. భజనల్లో హార్మోనియం పక్కన కూర్చునే ప్రతివారికీ ఒకటిన్నర, రెండు, ఐదు అన్న మాటలు తెలుసు. వాటిని గిటార్ మెట్లతో ముడిపెట్టి చెప్పే తెలుగు వీడియో నాకు తారసపడలేదు. ఈ లెక్కను చివరికి నేనే కాగితం మీద వేసుకోవలసి వచ్చింది. తెలుగులో పాఠాలు చేస్తున్న గిటార్ మాస్టార్లు ఈ ఒక్క పాఠం చేసిపెడితే ఎంతో మేలు.

ఇక ప్రత్యక్షంగా ఆన్‌లైన్లో చెప్పే క్లాసులు. రికార్డు చేసిన వీడియోకు మన చేయి కనిపించదు, వీటిలో కనిపిస్తుంది; ఖరీదు ఎక్కువైనా నెలకు రెండు క్లాసులు పెట్టించుకోవడం మంచిదని నా అభిప్రాయం. కాని చేరేముందు గురువును ఒకమాట అడగాలి: ‘మీరూ మా పిల్లా కలిసి వాయిస్తారా?’ ఔనని హామీ ఇస్తే కాస్త అనుమానించాలి. ఇంటర్నెట్‌లో ధ్వని అటునుంచి ఇటు రావడానికి పట్టే క్షణంలో కొంత భాగమే తాళాన్ని చెడగొట్టడానికి చాలు. అనుభవమున్న గురువు తాళం ట్రాక్‌ను పిల్ల దగ్గరే మోగించుకోమని, తాను ఊరకే విని తప్పులు చెబుతాడు. మరో సంగతి, జూమ్ వంటి యాప్‌లు సాగదీసి మోగే గిటార్ నాదాన్ని గది చప్పుడుగా భావించి నొక్కేస్తుంటాయి. జూమ్‌లో సంగీతం కోసం ‘ఒరిజినల్ సౌండ్’ అనే ఏర్పాటు ఉంది. దాన్ని పెట్టుకోమని మొదటి రోజే చెప్పని గురువు, మీ పిల్ల వాయించినదాన్ని పూర్తిగా విని ఉండకపోవచ్చు.

వినడం అన్నందుకు మా గోదావరివైపు మాట ఒకటి చెప్పాలనిపిస్తోంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌కు గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని వాద్యం మీద పలికించేవాడు. చేతిలో వాద్యమైనా లేని ఆ గురువు దగ్గర ఉన్నది చెవి. మేం కొన్న కోర్సులో ఖరీదైన గిటార్లు నాలుగు కనబడ్డాయి, చెవి మాత్రం ఒక్కటీ లేదు.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఏడు రోజులు ఉచితమని బ్యాంకు కార్డు నంబరు తీసుకునే యాప్‌లు ఎనిమిదో రోజునుంచి చందా కోసుకుంటాయి. ఇలాంటి ఆటోమేటిక్ కోతలకు కనీసం 24 గంటల ముందు సందేశం పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది కనుక, ఆ మెసేజీని ప్రకటన అనుకుని చెరిపేయకండి. ‘జీవితకాలం’ అని అమ్మే కోర్సుకు జీవితకాలం ఎవరిదో, మనదో కంపెనీదో, అడిగి తెలుసుకోండి. గిటార్‌ను కూడా ఒకసారి ఎవరికైనా చూపించండి. ఇనుప తీగల గిటార్‌కు పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. నాలుగు మిల్లీమీటర్లుంటే ఎంత మంచి పాఠమైనా వేళ్లకు శిక్షే. నైలాన్ తీగల గిటార్‌కు ఇనుప తీగలు బిగించి, తీగలను కట్టే కింది బ్రిడ్జి లేచిపోయాక లబోదిబోమన్నవారినీ చూశాను.

కోర్సు ఎంతదాకా తీసుకెళుతుందో కొలవడానికి నాకు ఉపయోగపడింది ట్రినిటీ కాలేజ్ లండన్ వారి గిటార్ పరీక్షల సిలబస్. వారి వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతుంది. ఇనీషియల్ నుంచి 8వ గ్రేడు దాకా ఎక్కడికి ఏమేం రావాలో అందులో ఉంటుంది. పరీక్షకు కూర్చునే ఉద్దేశం లేకపోయినా, ‘బిగినర్ నుంచి అడ్వాన్స్‌డ్ దాకా’ అని చెప్పుకునే కోర్సు పాఠాల పట్టికను దాని పక్కన పెట్టి చూడవచ్చు. మా 40 వీడియోలూ 1వ గ్రేడు గడప దగ్గరే ఆగిపోయాయి.

మీ పత్రిక యువత పేజీలో ఫోన్లకూ బైకులకూ సమీక్షలు వస్తుంటాయి. అదే పేజీలో వేసవికి ముందు ఒకసారి, ఇద్దరు ముగ్గురు గిటార్ మాస్టార్లను కూర్చోబెట్టి, అమ్మకానికి ఉన్న కోర్సుల ఏడో పాఠాన్ని చూపించి, వారి మాట ప్రచురిస్తే మాలాంటివారికి దారి దొరుకుతుందని కోరుతున్నాను.

మా మనవరాలు ఇప్పుడు చర్చి కుర్రాడి దగ్గర వారానికి ఒక గంట, మిగతా రోజులు ఉచిత వీడియోలతో నేర్చుకుంటోంది. మణికట్టు నొప్పి పోయింది. ప్రస్తుతం ఎఫ్ మేజర్ బారె కార్డు దగ్గర ఉంది. ఐదు తీగలు పలుకుతున్నాయి, రెండోది ఇంకా పలకడం లేదు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక రిటైర్డు లెక్కల మాస్టారు,
రాజమహేంద్రవరం.