మయూరి కాలు, మనిషి హద్దు

విజయవాడ

ప్రియమైన రాముకు,

రోబోలు వచ్చాక మనిషి పని అయిపోయినట్టేననీ, పోస్ట్‌హ్యూమనిజం చెప్పేదీ అదేననీ గుంటూరు నుంచి నువ్వు రాసిన మాట నాకు మింగుడుపడలేదు; అందుకే తీరిగ్గా కూర్చుని జవాబు రాస్తున్నాను. తక్కిన జీవులకూ వస్తువులకూ వేరుగా, ఎవరి ఆసరా లేకుండా, సృష్టికంతటికీ తానే కొలబద్దగా నిలిచిన మనిషి అసలు ఎన్నడైనా ఉన్నాడా అన్నది ఆ తత్వం వేసే ప్రశ్న. యంత్రాల సాయంతో మనిషి బలాన్నీ ఆయుష్షునూ పెంచాలనే ట్రాన్స్‌హ్యూమనిజం వేరు. దానికి పాత కొలబద్దతో పేచీ లేదు.

సినిమాలే ఈ రెండింటినీ కలగాపులగం చేశాయి. 2010 నాటి 'రోబో'లో చిట్టి మనిషిలా ప్రేమించబోయి చెడతాడు, చివరికి తన భాగాలను తానే ఊడదీసుకుంటాడు. కథ పొడుగునా మనిషే కొలత. నన్నడిగితే ఈ తత్వానికి బాగా దగ్గరగా వచ్చిన తెలుగు సినిమా 'మయూరి'. 1981లో బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్, జైపూర్ కాలితో మళ్లీ నాట్యం చేసి, 1985లో తన కథలో తానే నటించారు. అదే ఏడాది అమెరికాలో డోనా హారవే అనే తత్వవేత్త 'సైబోర్గ్ మేనిఫెస్టో' ప్రచురించి (సైబోర్గ్ అంటే ప్రాణీ యంత్రమూ కలిసిపోయిన జీవి), మనిషికీ జంతువుకూ, ప్రాణికీ యంత్రానికీ నడుమ మనం గీసుకున్న గీతలు చెదిరిపోయాయని వాదించారు.

ఆ కాలు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అప్పటి విదేశీ కృత్రిమ పాదాలు బూట్లకూ కుర్చీలకూ అలవాటుపడినవాళ్ల కోసం తయారైనవి. 1968 ప్రాంతంలో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రూపొందించిన రబ్బరు పాదం ఒట్టి కాళ్లతో నడవడానికీ, గొంతుక్కూర్చోవడానికీ, బాసిపట్టు వేసుకోవడానికీ పనికొచ్చింది. మన నేల, మన కూర్చునే తీరు ఆ రబ్బరులోకి చేరాయి. ఆ రబ్బరు ఒక నర్తకి తాళంలోకి చేరింది. ఇందులో మనిషి ఎక్కడ ఆగి వస్తువు ఎక్కడ మొదలవుతుందో చెప్పు చూద్దాం. మా అమ్మ చెవి మిషన్‌నే తీసుకో. గుండీ బ్యాటరీ మీది స్టిక్కర్ పీకి, గాలి తగిలేదాకా కాసేపు ఆగి, అప్పుడు లోపల పెడుతుంది. అరచెయ్యి దగ్గరికొస్తే అది కీచుమంటుంది కనుక, తల దువ్వుకునేటప్పుడు ఆమె చెయ్యి తిప్పే తీరే మారిపోయింది.

నువ్వు మెచ్చుకున్న, మనసును కంప్యూటర్లోకి ఎక్కించే ఆలోచన మాత్రం నాకు ససేమిరా నచ్చదు. సమాచారానికి ఒళ్లు అక్కర్లేదన్న నమ్మకాన్ని అమెరికా సాహిత్య విమర్శకురాలు కేథరిన్ హేల్స్ 1999లోనే గట్టిగా తప్పుపట్టారు. మనకు ఇది పరకాయ ప్రవేశంలా సులువుగా తోస్తుంది. కానీ అమరుక రాజు దేహంలో చేరిన శంకరులు తానెవరో మరిచిపోతే, శిష్యులు వచ్చి పాడి గుర్తుచేయవలసి వచ్చిందని కదా ఆ కథ? ఒళ్లు మారాక మనసు మునుపటిలాగే ఉండదని ఆ కథ చెప్పినవాళ్లకు తెలుసు.

నన్ను వదలని దిగులు వేరే ఉంది. అమ్మ వాడే మోడల్‌ను రేపు కంపెనీ ఆపేస్తే ఆమె వినికిడి ఏం కావాలి? ఒంటితో కలిసిపోయిన వస్తువు మీద హక్కు వాడేవాళ్లదా, తయారుచేసినవాళ్లదా? లా చదివినవాడివి, దీని మీద నువ్వు ఏమంటావో వివరంగా రాయి.

నీ
శేషు