‘పొగ తాగుతారా?’ అని అడిగితే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మా నాన్న ముప్పయ్యేళ్లు బీడీలు కాల్చారు. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఊపిరి ఆడని దీర్ఘకాలపు జబ్బు) అని తేలాక నాలుగేళ్ల కిందట మానేశారు. ఎంత అవస్థపడి మానారో ఇంట్లోవాళ్లకు తెలుసు. నిరుడు చుట్టాలబ్బాయి ఒకడు పెన్నులాంటిది (వేప్, అంటే ఈ-సిగరెట్) తెచ్చి, ‘ఇది పొగ కాదు పెదనాన్నా, ఉత్త ఆవిరే’ అని చేతిలో పెట్టాడు. వాడికీ తెలియదు పాపం. గదిలో మామిడిపండు వాసన వస్తుంటే మేమూ పట్టించుకోలేదు.

నెల తిరక్కముందే ఆయనకు రాత్రిళ్లు నిద్ర కరువైంది. మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి, పెదాలు సున్నాలా చుట్టి ఊపిరి వదిలేవారు. పిల్లికూతలు పక్కగదిలోకి వినిపించేవి. ఇన్‌హేలర్ చాల్లేదు, నెబ్యులైజర్ చాల్లేదు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నారు.

చేర్చుకునేటప్పుడు ‘పొగ తాగుతారా?’ అని అడిగారు. ‘మానేసి నాలుగేళ్లయింది’ అన్నారు నాన్న. అబద్ధమాడలేదు. ఆయన లెక్కలో అది పొగ కాదు. వేప్ సంగతి ఎవరూ అడగలేదు, మాకూ చెప్పాలని తోచలేదు. రెండోరోజు డాక్టరమ్మ దిండు పక్కన దాన్ని చూసి, అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు.

అందులోంచి వచ్చేది నీటి ఆవిరి కాదు. నికోటిన్, ప్రొపైలిన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసన కోసం కలిపే రసాయనాలు వేడెక్కి సన్నటి తుంపరలా లోపలికి పోతాయి. ఆ వేడికి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటివీ పుడతాయి. సీఓపీడీ ఉన్నవాళ్ల శ్వాసనాళాలు అప్పటికే వాచి, కఫంతో ఇరుకై ఉంటాయి. ఆ కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగు దెబ్బతిని ఉంటుంది. సిగరెట్టు కన్నా నయమే కదా అంటారు. పొగాకు కాలదు కాబట్టి విషాలు తక్కువే కావచ్చు. కానీ మా నాన్న బీడీ వదిలి వేప్ పట్టలేదు. అన్నీ మానేసిన మనిషి మళ్లీ నికోటిన్‌లో పడ్డారు.

ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకాలను దేశమంతటా 2019లోనే నిషేధించారు. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అయినా ఆ అబ్బాయికి కాలేజీ పక్క కొట్లో అడగ్గానే దొరికింది.

కొట్ల సంగతి పోలీసులు చూడాలి. ఆసుపత్రులను నేను అడిగేది చిన్న విషయం. ఓపీలో ‘వేప్ గానీ ఈ-సిగరెట్ గానీ పీలుస్తారా?’ అని పేరు పెట్టి అడగండి. ‘వేప్ ఉత్త ఆవిరి కాదు’ అని ఛాతీ వార్డుల గోడల మీద తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి. మానలేకపోతున్నవాళ్ల కోసం 1800-11-2356 ఉచిత నంబరు ఉంది. అది సిగరెట్ పెట్టెల మీద అచ్చవుతుంది, దొంగచాటుగా వచ్చే వేప్‌ల మీద ఎవరు వేస్తారు? ఆ గోడ మీదే అదీ రాయండి.

నాన్న ఇప్పుడు వీధి చివర పాలబూత్ దాకా నడుస్తున్నారు, మధ్యలో రెండుసార్లు ఆగి. నిరుడు ఆగకుండా వెళ్లొచ్చేవారు.

– ఓ పాఠకురాలు, ఖమ్మం