కళాశాలల డేటా ఎవరి చేతిలో ఉంది?

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. అక్కడ ప్రవేశాలు, ఫీజులు, మార్కులు, హాజరు అన్నీ ఒక ప్రైవేటు ఏజెన్సీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండేవి. కాంట్రాక్టు ముగిసి మరో ఏజెన్సీ వచ్చేసరికి, పాత మార్కులను కొత్తదానిలోకి ఎక్కించే దారి లేక, ఇద్దరు గుమస్తాలు నెల రోజులపాటు పాత ప్రింట్లు ముందు పెట్టుకుని ఒక్కొక్క హాల్‌టికెట్ నంబరూ చేత్తో కొట్టారు. కొన్ననాడు ధర గురించి గీసిగీసి బేరమాడినవారెవరూ, విడిపోయేనాడు మన డేటా మనకు ఏ రూపంలో తిరిగి ఇస్తారని అడగలేదు.

విద్యార్థులు పూర్తిచేసిన కోర్సులకు వచ్చే క్రెడిట్లను జమచేసే జాతీయ డిజిటల్ వ్యవస్థ, 2021లో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. అందులో ఆ క్రెడిట్లను విద్యాసంస్థలే నమోదు చేయాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, పనిని ఏజెన్సీకి అప్పగించినా వివరాల భద్రతకు జవాబుదారీ విద్యాసంస్థే. ఇంత బరువునూ మా కళాశాలలో మోసినది ల్యాబ్‌లోని ఒక్క ఒప్పంద ఉద్యోగి. పాస్‌వర్డులన్నీ అతని నోటుపుస్తకంలోనే ఉండేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని రోజుల తరబడి చీకట్లో ఉంచింది. అలాంటి జిల్లాలో సర్వరూ, దాని బ్యాకప్ డిస్కూ ఒకే గదిలో, ఒకే బీరువా పక్కన ఉండేవి.

కొత్త కంప్యూటర్లకు నిధులు అడుగుతారు గానీ (ప్రారంభోత్సవానికి అవి వీలుగా ఉంటాయి కాబోలు) నిర్వహణ ఖర్చును ఎవరూ తలవరు. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం అనుబంధ కళాశాలల కోసం ఉమ్మడి సాంకేతిక బృందాన్ని ఏర్పాటు చేసి, ఒప్పందాల్లో డేటా తిరిగి ఇచ్చే షరతును తప్పనిసరి చేయాలని, బ్యాకప్‌ను జిల్లా వెలుపల ఉంచాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, శ్రీకాకుళం