డాంగిల్‌కు పిన్ రాసి అతికించొద్దు

సంపాదకులు గారికి,

ఆఫీసుల్లో ‘డిజిటల్ కీ’ అనీ, ఆడిటర్ల దగ్గర ‘డాంగిల్’ అనీ పిలిచే, డిజిటల్ సంతకానికి వాడే చిన్న యూఎస్‌బీ టోకెన్‌ను చాలామంది పెన్‌డ్రైవ్ లాంటిదనే అనుకుంటున్నారు. చిత్తూరు మామిడి గుజ్జు కంపెనీ జీఎస్టీ రిటర్నుకైనా, తిరుపతి కాంట్రాక్టరు ఈ-టెండరుకైనా సంతకం చేసేది అదే. దానికి పిన్ రాసిన కాగితం ముక్క అంటించి ఆపరేటర్ చేతికో, ఆడిటర్ సొరుగులోకో వదిలేసే అలవాటు గురించే ఈ లేఖ.

టోకెన్‌లో ఉన్నది స్మార్ట్‌కార్డు చిప్. సంతకానికి వాడే 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ (ఒక సంకేత పద్ధతి) రహస్య కీ అందులోనే పుడుతుంది, బయటికి రాదు. పత్రం నుంచి తీసిన 256 బిట్ల హ్యాష్ (పత్రానికి వేలిముద్ర లాంటి సంఖ్య) లోపలికి వెళ్తుంది, 256 బైట్ల సంతకం బయటికొస్తుంది. కంప్యూటర్‌లోకి కాపీ అయ్యేది సంతకం ఎవరిదో చెప్పే సర్టిఫికెట్ ఒక్కటే, అందులో దాచాల్సిందేమీ లేదు.

పైపొర గీకి మెమరీ చదవాలని చూసేవాళ్లుంటారనే ఇలాంటి చిప్‌ల మీద సన్నని లోహపు తీగలను వలలా పరుస్తారు. తీగ తెగినా, వోల్టేజీ హద్దు దాటినా చిప్ పని ఆపేస్తుంది. పిన్ విషయంలో జాగ్రత్త ఇంకా మెచ్చుకోదగ్గది. పిన్ కొట్టడానికి ఇచ్చే కొద్ది అవకాశాల్లో ఒకదాన్ని చిప్ సరిచూడకముందే తగ్గించి రాసుకుంటుంది, సరైనదని తేలాకే లెక్కను మళ్లీ నింపుతుంది. ముందు చూసి తర్వాత తగ్గించేదైతే, తప్పని తేలిన క్షణంలో కరెంటు తీసేసి ఎన్నిసార్లైనా ప్రయత్నించవచ్చు.

ఇలాంటి చిప్‌ల భద్రతకు అమెరికా ప్రభుత్వం పెట్టిన ఎఫ్‌ఐపీఎస్ 140 ప్రమాణంలో లెవెల్ 2 కోరేది, విప్పితే ఆనవాలు కనబడాలని. విప్పబోతే కీలను చెరిపేసుకోవాలనే షరతు లెవెల్ 3 నుంచి మొదలవుతుంది. కాబట్టి లెవెల్ 2 టోకెన్ తొడుగు అతుకు లేచినట్టు కనిపిస్తే వాడకం ఆపి, సర్టిఫికెట్ రద్దు చేయించాలి.

ఇంత కట్టుదిట్టమైన చిప్‌కు కూడా పిన్ కొట్టింది ఎవరో తెలియదు. ఒకసారి పిన్ ఇచ్చాక చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ సెషన్ తెరిచే ఉంటుంది. టోకెన్ పీకేదాకా ఎన్ని పత్రాల మీదైనా సంతకాలు పడుతూనే ఉంటాయి. రిపేరు కోసం పెట్టుకున్న రిమోట్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంటే, ఎక్కడో కూర్చున్న మనిషి కూడా ఆ పని చేయగలడు. కాఫీకి లేచినా టోకెన్ జేబులో పడాల్సిందే. కొన్నప్పటి 12345678 లాంటి పిన్‌ను మొదటి రోజే మార్చాలి.

పిన్ మరచి లాక్ అయితే కంగారుపడి ‘ఇనీషియలైజ్’ నొక్కేవాళ్లున్నారు. నొక్కితే కీ చెరిగిపోతుంది, సంతకం కీకి నకలు ఎక్కడా ఉండదు. డీఎస్సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) ఇచ్చినవారిని అడిగి అన్‌లాక్ చేయించుకోవాలి, కుదరకపోతే కొత్తది తీసుకోవాలి. టెండరు తెరిచే అధికారి టోకెన్‌లో మూసిన బిడ్లను తెరిచే ఎన్‌క్రిప్షన్ కీ ఉండి, దానికి బ్యాకప్ లేకపోతే నష్టం ఇంకా పెద్దది. ఆ కీకి మూసిన బిడ్లు ఇక తెరుచుకోవు.

ఐటీ చట్టం 2000లోని 42వ సెక్షన్ ప్రకారం రహస్య కీని తన అదుపులో ఉంచుకోవాల్సింది దాని యజమానే. అది ఇతరుల పాలైతే వెంటనే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు చెప్పాలి. చెప్పేవరకు బాధ్యత ఆయనదే. ‘ఆపరేటర్ చేశాడు’ అంటే సరిపోదు.

బదిలీ అయిన, రిటైరైన అధికారి టోకెన్ పాత సీటులోనే ఉండిపోకూడదు. ఛార్జి అప్పగింత జాబితాలో బీరువా తాళాలతో పాటు డిజిటల్ కీకీ ఒక వరుస ఉండాలని చిత్తూరు, తిరుపతి జిల్లాల కలెక్టర్లకు మనవి. ఆ వరుసలో రాయాల్సింది టోకెన్ ఎవరికి ఇచ్చారని కాదు, సర్టిఫికెట్ ఏ తేదీన రద్దయిందని.

— డిజిటల్ సంతకాల సాంకేతిక సిబ్బంది, తిరుపతి